డెబ్బై దాటినవారు బండి నడపవచ్చా? ఫ్యామిలీ డాక్టరు తన క్లినిక్‌లోనే తేల్చుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కొత్తగా క్లినిక్ పెట్టుకున్న వైద్యులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. లైసెన్సు రెన్యువల్ కోసం డెబ్బై అయిదేళ్ల పెద్దాయన ఫారం 1ఏ (వైద్య ధ్రువపత్రం) పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఏమేమి చూసి సంతకం పెట్టాలి, ఏది కనిపిస్తే పెట్టకూడదు అన్నదే ఆ ప్రశ్న. అదే ప్రశ్న ఇళ్లనుంచి ఇంకో రూపంలో వస్తుంది: "సార్, మా నాయన ఇంకా స్కూటరు వదలడంలేదు, మేము చెబితే వినడు, మీరే ఒక మాట చెప్పండి." రెండింటికీ సమాధానం ఒక్కటే. పరీక్షించకుండా సంతకం పెట్టడం ఎంత తప్పో, పరీక్షించకుండా వద్దని చెప్పడం కూడా అంతే తప్పు.

పుట్టిన తేదీని బట్టి తీర్పు చెప్పకూడదు. ఎనభై ఏళ్ల వయసులో నిదానంగా, శుభ్రంగా కారు నడిపేవారు ఉన్నారు; అరవై రెండేళ్లకే షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయి బ్రేకు ఎక్కడుందో తెలియనివారూ ఉన్నారు. చూపు, వినికిడి, కాళ్లూ చేతుల కదలిక, నిర్ణయం తీసుకునే వేగం, మందుల ప్రభావం, వీటిని ఒక్కొక్కటిగా కొలవాలి. దీనికి ముప్పావుగంట చాలు. రద్దీ ఎక్కువగా ఉండే క్లినిక్ అయితే రెండు విడతలుగా చేయవచ్చు. విదేశీ మార్గదర్శకాలు చాలావరకు కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన పెద్దలలో చాలామంది స్కూటరు, మోపెడ్ నడుపుతారు కాబట్టి ద్విచక్ర వాహనానికి విడిగా ఒక మెట్టు చేర్చాను. దాన్ని దాటవేయవద్దు.

చట్టం గురించి తెలిసి ఉండవలసింది

సొంత వాహనం నడిపేవారి లైసెన్సుకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత గడువులు ఇలా ఉన్నాయి: 50 నుంచి 55 ఏళ్ల మధ్య రెన్యువల్ చేయిస్తే 60 ఏళ్లు నిండేవరకు, 55 దాటాక చేయిస్తే ఒక్కోసారి 5 ఏళ్లు. గడువు తీరిన తర్వాత ఏడాదిలోపు రెన్యువల్ చేయించుకోకపోతే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. 40 దాటినవారు ఫారం 1ఏ అనే వైద్య ధ్రువపత్రం జతచేయాలి. దానిలో మీరు అభ్యర్థిని స్వయంగా పరీక్షించానని, దూరపు చూపు, వినికిడి, చేతులు, కాళ్లు, కీళ్ల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టి చూశానని రాసి ఇస్తున్నారు. చూడకుండా అలా రాయడం తప్పుడు ధ్రువపత్రం ఇవ్వడమే అవుతుంది. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం దానికి రిజిస్టరు నుంచి మీ పేరు తీసివేసే అవకాశం ఉంది.

కావలసినవి

పొడవైన కొలత టేపు, 6 మీటర్ల దూరానికి తయారుచేసిన కంటి చార్టు (తెలుగు అక్షరాలది, అంకెలది, అక్షరాలు రానివారికి "ఈ" గుర్తుల చార్టు), పిన్‌హోల్ అట్ట (సన్నటి రంధ్రం ఉన్నది), బీపీ మిషను, గ్లూకోమీటరు, సెకన్లు చూపే గడియారం, చేతులు లేని గట్టి కుర్చీ, నేల మీద 3 మీటర్ల గీత, 10 గ్రాముల మోనోఫిలమెంటు (పాదాల స్పర్శ చూసే నైలాను పోగు), తెల్ల కాగితాలు, పెన్ను. వీటితోపాటు ఈ మధ్య ఆయన బండి ఎక్కి ప్రయాణం చేసిన కుటుంబసభ్యులు ఒకరు రావాలి.

అపాయింటుమెంటు ఇచ్చేటప్పుడే కొన్ని విషయాలు చెప్పండి. బండి నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలే తేవాలి, చదువుకునే అద్దాలు కాదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకుని రావాలి. టిఫిను తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే రావాలి. మాత్రలు మానేసి వచ్చిన మనిషిని పరీక్షిస్తే, రోడ్డు మీద తిరిగే మనిషిని మీరు పరీక్షించనట్టే.

1. ఏ బండి, ఎక్కడికి, ఏ వేళకు?

పరీక్ష మొదలుపెట్టే ముందు ఆయన వారం ఎలా గడుస్తుందో అడగండి. ఇంటినుంచి రైతుబజారుకు పగలు పది గంటలకు మోపెడ్ మీద వెళ్లడం వేరు, ధనుర్మాసంలో తెల్లవారక ముందే గోవిందరాజస్వామి గుడికి స్కూటరు మీద వెళ్లడం వేరు. చిత్తూరు నుంచి వేలూరు ఆస్పత్రికి భార్యను కారులో తీసుకువెళ్లడం ఇంకొక రకం. ఘాట్ సంగతి తప్పకుండా విడిగా అడగండి. తిరుమల ఘాట్ రోడ్లు, భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ నడిపేవారి మెడనూ కాళ్లనూ గట్టిగా పరీక్షించే దారులు. ఊళ్లో బాగా నడిపేవారు ఘాట్‌లో కూడా నడపగలరని అనుకోకూడదు.

2. కుటుంబంతో విడిగా మాట్లాడండి

పెద్దాయన అనుమతి అడిగి, ఆయనను బీపీ చూపించుకోవడానికి లోపలికి పంపినప్పుడు వచ్చినవారితో మాట్లాడండి. ఆయన ఎదుట ఏ కోడలూ నిజం చెప్పలేదు. బండికి ఈ మధ్య కొత్త గీతలు, సొట్టలు పడ్డాయా? తెలిసిన వీధిలోనే దారి తప్పారా? వెనకవాళ్లు హారన్ కొడుతున్నా గమనించడం లేదా? ఎడమవైపు తిరగాల్సినచోట కుడివైపు ఇండికేటరు వేస్తున్నారా? సర్కిళ్ల దగ్గర ఎవరు ముందు పోవాలో తేల్చుకోలేక నడిమధ్యలో ఆగిపోతున్నారా?

ఒక ప్రశ్న మాత్రం మరచిపోకండి: "మీ పిల్లల్ని ఆయన బండి మీద బడికి పంపుతారా?" ఈ ప్రశ్నకు కొద్దిసేపు తడబడి, తర్వాత చూపు దించుకుని "పంపడం మానేశాము సార్" అన్న జవాబు వస్తే, మిగతా పరీక్షలన్నీ రెట్టింపు శ్రద్ధతో చేయండి. అలాగని ఆ జవాబును తీర్పుగా తీసుకోవద్దు. ఆస్తి గొడవల మధ్య తండ్రిని ఇంట్లో కూర్చోబెట్టాలని చూసే కొడుకులూ ఉంటారు. వారి మాట మీకు ఆధారం మాత్రమే. ధ్రువపత్రం మీ పరీక్ష మీదే నిలబడాలి.

ఒంటరిగా బతికేవారు అయితే పక్కింటివారినో, రోజూ కలిసి కాఫీ తాగే స్నేహితుడినో ఆయన అనుమతితో ఫోనులో అడగవచ్చు.

3. జబ్బులు, మందుల సంచి

సంచిని టేబుల్ మీద కుమ్మరించి ఒక్కొక్క మాత్రా చేతిలోకి తీసుకుని చూడండి. నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్. నరాల మంటకు వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్. నొప్పికి వాడే ట్రామడాల్. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఇవన్నీ మగతను, ఆలస్యపు స్పందనను తెస్తాయి. పార్కిన్సన్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్ వంటి మందులతో ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే ప్రమాదం ఉంది. ప్రొస్టేటుకు వాడే టామ్‌సులోసిన్, బీపీకి వాడే ప్రజోసిన్ లేచి నిలబడగానే కళ్లు తిరిగేలా చేయగలవు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ మళ్లీ చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే మందులు సరిచేసిన తర్వాతే ముందుకు వెళ్లాలి.

షుగరు విషయం మన ప్రాంతంలో ప్రత్యేకంగా అడగాలి. శనివారం ఒక్కపొద్దు ఉంటూ, గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకుని, మధ్యాహ్నం స్కూటరు తీసేవారు ఎందరో ఉన్నారు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవారు బయలుదేరే ముందు షుగరు చూసుకోవడం మంచిది. 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తినే బయలుదేరాలి. 70 కంటే తక్కువకు పడిపోతే వెంటనే బండి ఆపి, తీపి తీసుకుని, షుగరు మామూలుకు వచ్చిన 45 నిమిషాల తర్వాతే మళ్లీ నడపాలి. ఈ అంకెలు బ్రిటన్‌లోని నియమాల నుంచి వచ్చినవి, మనకూ పనికొస్తాయి. షుగరు పడిపోతున్నా చెమట, వణుకు వంటి హెచ్చరికలు తెలియడం మానేసినవారు మాత్రం బండి నడపకూడదు. ఒక్కపొద్దు రోజున మాత్ర ఎలా సర్దుకోవాలో మీరే రాసివ్వండి. దేవుడి పని మానమని చెప్పాల్సిన అవసరం లేదు.

మూర్ఛ, స్పృహ తప్పడం, కారణం తేలని కళ్లు తిరగడం ఉంటే ఇక్కడితో ఆపండి. అభ్యర్థి స్వయంగా రాసిచ్చే ఫారం 1 కూడా వీటి గురించే అడుగుతుంది. కారణం తెలిసేవరకు ధ్రువపత్రం ఇవ్వవద్దు. పక్షవాతం, లేదా కొద్దిసేపటికి తగ్గిపోయిన చిన్న పక్షవాతం వచ్చి ఉంటే కనీసం ఒక నెల బండి ముట్టకూడదు. నెల తర్వాత చేయిబలంతో పాటు ఒకవైపు చూపు, ఒకవైపు ధ్యాస తగ్గాయేమో చూడాలి. గురక, పగటి నిద్ర ఉన్నవారిని నిద్రలో శ్వాస ఆగే జబ్బు కోసం పంపండి.

4. కళ్లు

ఎక్కువ సమయం ఇక్కడే ఇవ్వండి, ఎందుకంటే ఎక్కువ దొరికేదీ, ఎక్కువ బాగుపడేదీ ఇక్కడే.

చట్టం అడిగేది సులువైన విషయం: మంచి పగటి వెలుతురులో, అద్దాలు వాడేవారు అద్దాలతో, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు. క్లినిక్ ముందు వీధిలో టేపుతో 25 మీటర్లు కొలిచి, రెండు చివరలా గోడ మీద పెయింటుతో చిన్న గీత పెట్టుకోండి. ఒక గీత దగ్గర మనిషిని నిలబెట్టి, రెండో గీత దగ్గర ఆగిన కారు నంబరు చదివించండి. వీధి ఇరుకుగా ఉంటే దగ్గరలోని బడి మైదానం వాడుకోవచ్చు.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది, ఆయన సొంత కారునే చదివించడం; ఆయనకు ఆ నంబరు నోటికి వచ్చు. రెండోది, కారుకు బదులు స్కూటరు ప్లేటు చూపించడం. కారు ప్లేటు మీద అక్షరాలు 65 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, స్కూటరు మీద అంతకంటే చాలా చిన్నవి కాబట్టి మంచి చూపు ఉన్నవారు కూడా తప్పుతారు. మూడోది, సాయంత్రం ఆరు తర్వాత ట్యూబులైటు కింద పరీక్షించడం. ఉదయం తొమ్మిది నుంచి నాలుగు లోపు చేయండి. లెక్క ప్రకారం ఈ పరీక్షకు 6/12 (మామూలు చూపువారు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) కంటే కొంచెం మెరుగైన చూపు అవసరం, కాబట్టి చార్టు మీద 6/12 చదివినవారు వీధిలో తడబడితే ఆశ్చర్యపోకండి.

లోపల 6 మీటర్ల చార్టుతో ఒక్కో కన్నూ, తర్వాత రెండు కళ్లూ కలిపి చూడండి. గది చిన్నదైతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి వాడుకోవచ్చు. చూపు తక్కువగా ఉండి పిన్‌హోల్ పెట్టగానే మెరుగైతే అద్దాల నంబరు మారాలి. పిన్‌హోల్‌తో కూడా మెరుగు కాకపోతే శుక్లమో, రెటీనా జబ్బో ఉండవచ్చు.

తర్వాత పక్కచూపు. ఆయనకు ఎదురుగా మీటరు దూరంలో మీరు కూర్చోండి. ఆయన ఎడమ కన్ను మూసుకుంటే మీరు కుడి కన్ను మూసుకోండి. ఆయన మీ ముక్కు వైపే చూస్తుండగా నాలుగు మూలల నుంచి మీ వేళ్లు లోపలికి తెస్తూ ఎన్ని వేళ్లో అడగండి. నీటికాసుల జబ్బు చార్టుకు అందదు. మధ్యచూపు 6/6 ఉండి, పక్కచూపు సగానికి పైగా పోయిన మనిషి చార్టు పరీక్షలో ఉత్తమంగా నెగ్గి, పక్క సందులోంచి వచ్చే ఆటోను చూడలేడు. అనుమానం వస్తే పక్కచూపును యంత్రంతో కొలిచే ఫీల్డ్ పరీక్ష కోసం పంపండి. తిరుపతిలో అరవింద్ కంటి ఆస్పత్రి, స్విమ్స్, రుయా కంటి విభాగం అందుబాటులో ఉన్నాయి కాబట్టి దీనికి సాకు లేదు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు కాబట్టి ఆ రోజు బండి మీద వెళ్లవద్దని చెప్పి పంపండి.

రాత్రి చూపు కోసం ఒక్క ప్రశ్న చాలు: "ఎదురు బండి లైటు పడిన తర్వాత రోడ్డు మళ్లీ కనిపించడానికి ఎంతసేపు పడుతోంది?" శుక్లం ముదిరినవారు వెంటనే చెబుతారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు గుర్తుపట్టగలరో లేదో కూడా ఫారం అడుగుతుంది. తేలికపాటి, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికి 2020 జూన్‌లో కేంద్రం నిబంధన సడలించింది కాబట్టి అంతమాత్రం చేత తిరస్కరించకండి.

శుక్లం వల్ల చూపు తగ్గినవారికి "అనర్హులు" అని రాయడానికి తొందరపడవద్దు. ఆపరేషను అయ్యేవరకు ధ్రువపత్రం వాయిదా వేయండి. ఒక కంటికి ఆపరేషను అయి రెండో కంటికి ఇంకా కాని రోజుల్లో దూరం అంచనా తప్పుతుంది. ఆ మధ్యకాలంలో కూడా బండి వద్దని చెప్పండి. ఆపరేషను తర్వాత మళ్లీ 25 మీటర్ల గీత దగ్గర నిలబడి, నంబరు గడగడా చదివి, నవ్వుతూ వెనక్కి తిరిగే పెద్దవారిని చూడడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టం.

5. చెవి, మెడ, చేతులు, కాళ్లు

వినికిడికి ఆయన వెనక చేయిచాపు దూరంలో నిలబడి, అంకెలూ అక్షరాలూ కలిపి గుసగుసగా చెప్పి తిరిగి చెప్పించండి. వినికిడి మిషను ఉంటే పెట్టుకునే చేయాలి.

కుర్చీలో కూర్చోబెట్టి, కారు వెనక్కి తీస్తున్నట్టు భుజం మీదుగా చూడమనండి. మీరు ఆయన వెనక కొంచెం పక్కగా నిలబడి ఎన్ని వేళ్లు చూపిస్తున్నారో చెప్పగలగాలి. మెడ తిరగనివారు మలుపుల్లో, రివర్సులో చూడనేలేరు. బండికి పక్క అద్దాలు పెద్దవి పెట్టించడం, ఫిజియోథెరపీ కొంత సాయం చేస్తాయి.

నేల మీద 3 మీటర్ల గీత వెంట వీలైనంత వేగంగా నడిచి, తిరిగి రమ్మనండి. రానూ పోనూ కలిపి 9 సెకన్లు దాటితే కాళ్ల బలం, తూకం గురించి లోతుగా చూడాలి. తర్వాత కూర్చోబెట్టి కుడి పాదాన్ని యాక్సిలరేటరు నుంచి బ్రేకుకు మార్చినట్టు రెండు గుర్తుల మధ్య పదిసార్లు మార్పించండి. పాదం ఎత్తకుండా ఈడ్చేవారు, గుర్తు చూడకుండా పెట్టలేనివారు మీకు వెంటనే తెలుస్తారు. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పులు విప్పించి మోనోఫిలమెంటుతో అరికాళ్లు చూడండి.

6. ద్విచక్ర వాహనం నడిపేవారికి విడిగా

కారులో తూకం తప్పితే సీటు పట్టుకుంటుంది. స్కూటరు మీద మనిషే పట్టుకోవాలి. వంద కిలోలకు పైబడిన బండిని సిగ్నల్ దగ్గర ఒక కాలితో ఆపి ఉంచగలగడం ఇక్కడ అసలు పరీక్ష.

ముందు గదిలో, మీరు పక్కనే చేయి అడ్డంగా ఉంచి, ఏ ఆసరా లేకుండా ఒక్కో కాలి మీద 5 సెకన్లు నిలబెట్టండి. నిలబడగలిగితే బయటికి వెళ్లి, ఇంజను ఆపిన ఆయన బండినే సెంటర్ స్టాండు నుంచి దింపమనండి, నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కి తోయమనండి, ఎక్కి కూర్చుని కుడి, ఎడమ పాదాలు మార్చి నేలకు ఆన్చమనండి. అవతలి వైపు కుటుంబసభ్యుడిని నిలబెట్టండి. రెండు బ్రేకు లీవర్లనూ పూర్తిగా నొక్కి వదలమనండి. వేలు ఇరుక్కుపోయే జబ్బు, మణికట్టు నరం నొక్కుకుపోవడం ఇక్కడే బయటపడతాయి. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు కళ్లద్దాలూ వినికిడి మిషనూ చెదరకుండా ఉంటున్నాయో లేదో చూడండి. చాలామంది పెద్దవారు హెల్మెట్ కోసం వినికిడి మిషను ఇంట్లోనే వదిలేస్తారు.

ఈ మెట్టులో తప్పినవారిలో కొందరు కారు చక్కగా నడపగలరు. స్కూటరు ఆపమన్నంత మాత్రాన అన్ని బండ్లూ ఆపమని కాదు. ఆ సంగతి కేసు షీటులో విడిగా రాయండి.

7. మతి, ధ్యాస, నిర్ణయం

"మతిమరుపు ఉందా?" అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. మరచిపోతున్నామని బాధపడేవారు జాగ్రత్తగా ఉంటారు. తమకేమీ లేదని గట్టిగా చెప్పేవారిలోనే ఎక్కువ ప్రమాదం ఉంటుంది.

గుండ్రం గీసిచ్చి గడియారం అంకెలన్నీ వేసి, 11 గంటల 10 నిమిషాలు చూపించమనండి. అంకెలు ఒకవైపే గుమిగూడితే, పెద్ద ముల్లు 10 మీదికి పోతే గమనించండి. మతి, ధ్యాసలను మార్కులతో కొలిచే మోకా పరీక్షకు తెలుగు రూపం ఉంది. చదువు లేనివారికి దాని సరళ రూపం వాడవచ్చు. ఒక్క స్కోరు చూసి లైసెన్సు విషయం తేల్చకండి. అంకెలనూ అక్షరాలనూ వరసగా కలుపుతూ పోయే ట్రయల్ మేకింగ్ బి పరీక్షలో 3 నిమిషాలు దాటితే ఆందోళన పడాలని అమెరికా వృద్ధుల వైద్యుల మార్గదర్శకం చెబుతుంది. మనవారికి ఇంగ్లిషు అక్షరాలకు బదులు అ, ఆ, ఇ, ఈ వాడవచ్చు కానీ, అప్పుడు ఆ 3 నిమిషాల హద్దును అలాగే వర్తింపజేయకూడదు. తడబాటు ఎక్కడ వచ్చిందో చూడండి. బడి మొహం చూడనివారికి ఈ పరీక్షే చేయవద్దు.

చదువుతో పని లేని ఒక ప్రశ్న నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. "లీలామహల్ సర్కిల్ నుంచి మీ ఇంటికి ఎలా వెళ్తారు? బ్రహ్మోత్సవాలప్పుడు ఆ దారి పోలీసులు మూసేశారు, అప్పుడెలా వెళ్తారు?" మొదటి దారి అలవాటు కొద్దీ ఎవరైనా చెబుతారు. రెండోదానికి కొత్తగా ఆలోచించాలి. అక్కడ మౌనంగా ఉండిపోయినవారికి, మళ్లీ మొదటి దారే చెప్పినవారికి రోడ్డు మీద అనుకోనిది ఎదురైతే అదే జరుగుతుంది. ఇది కొలబద్ద ఉన్న పరీక్ష కాదు. మిగతావాటితో కలిపి చూడవలసిన సూచన మాత్రమే.

నిస్పృహ, థైరాయిడ్ లోపం, బి12 లోపం, ఇటీవలి జ్వరం కూడా ఈ పరీక్షల్లో తప్పిస్తాయి. కారణం వెతికి, చికిత్స చేసి, మళ్లీ చూడండి. మధ్యస్థ స్థాయికి చేరిన డిమెన్షియా (మతి క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని తేలితే మాత్రం చర్చ అక్కరలేదు, బండి ఆపాలి.

8. తేల్చడం

అన్నీ సరిగా ఉన్నవారికి సంతకం పెట్టండి. సరిచేయదగిన లోపం ఉన్నవారికి వాయిదా వేసి, ఏమి చేయించుకుని ఎప్పుడు రావాలో రాసివ్వండి. అటూ ఇటూ కానివారి విషయమే కష్టం. అలాంటివారిని, కారు నడిపేవారైతే, బోధకుడి కాలి దగ్గర కూడా బ్రేకు ఉండే డ్రైవింగ్ స్కూలు కారులో అరగంట నడిపించి, ఏమి గమనించారో రాసివ్వమని అడగండి. "బాగానే నడిపాడు సార్" అన్న మాట సరిపోదు. అద్దాలు చూశారా, స్పీడ్ బ్రేకరు ముందు తగ్గించారా, చెప్పిన మలుపు గుర్తుపెట్టుకున్నారా అని విడివిడిగా అడగాలి. స్కూటరు వారిని ఖాళీ మైదానంలో చూడవచ్చు.

ఫారంలో "యోగ్యులు", "కాదు" అన్న రెండు మాటలకే చోటు ఉంది. పగలు మాత్రమే, ఊళ్లోనే, ఘాట్ వద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు వంటి షరతులు మీ మందుల చీటీ మీద తెలుగులో రాసి, ఆయనతోనూ కుటుంబంతోనూ చదివించి, ఒక కాపీ కేసు షీటుకు జతచేయండి. షరతులు పాటిస్తారన్న నమ్మకం లేనివారికి షరతులతో యోగ్యత ఇవ్వవద్దు; డిమెన్షియా మొదలైనవారు ఒప్పుకున్న షరతును మర్నాటికి మరచిపోతారు.

9. వద్దని చెప్పవలసి వచ్చినప్పుడు

నిలబడి, తలుపు దగ్గర చెప్పే మాట కాదిది. కూర్చోబెట్టి, ఫలితం చూపించి చెప్పండి. "పెద్దాయనా, మీరు నలభై ఏళ్లు ఎవరికీ హాని చేయకుండా నడిపారు, ఆ మంచి పేరు మీదే. ఇప్పుడు మీ పక్కచూపు తగ్గింది, ఇదిగో ఈ కాగితంలో నల్లగా ఉన్న భాగమంతా మీకు కనిపించని రోడ్డు." వయసు మాట ఎత్తకండి. కొడుకును చూస్తూ చెప్పకండి. నిర్ణయం ఆయనది అన్నట్టు ఆయనతోనే మాట్లాడండి.

బండి పోవడం అంటే వారికి గుడి, సంత, స్నేహితులు, మనవడిని బడి నుంచి తేవడం, అన్నీ ఒకేసారి పోవడం. ఆ బాధ నిజమైనది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. కాబట్టి ఆ రోజే ప్రత్యామ్నాయం కూడా కూర్చి పంపండి. ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవారికి చార్జీలో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వీధిలో నమ్మకమైన ఆటో అతనితో నెలవారీగా మాట్లాడుకోమని చెప్పండి. బండికి అయ్యే పెట్రోలు, సర్వీసింగు, బీమా ఖర్చు కాగితం మీద లెక్కవేసి చూపిస్తే, ఆటోకు డబ్బు దండగ అనే మాట చాలామంది మానుకుంటారు. నెల తర్వాత మళ్లీ రమ్మని, నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో అడగండి.

వినకుండా నడుపుతూనే ఉంటే? చేతిలో లైసెన్సు ఉన్నా, ఇతరులకు ప్రమాదం కలిగించే జబ్బుతో నడపడం చట్టంలోని 186వ సెక్షను కింద శిక్షార్హమని ముందు ఆయనకే చెప్పండి. తర్వాత కుటుంబంతో కలిసి మాట్లాడండి. తాళంచెవి దాచేయడం చివరి మార్గంగానే ఉండాలి, అది కూడా డిమెన్షియా ఉన్నప్పుడే. జబ్బు కారణంగా లైసెన్సు రద్దుచేసే, లేదా కొత్త వైద్య ధ్రువపత్రం అడిగే అధికారం 16వ సెక్షను కింద లైసెన్సింగ్ అథారిటీకి ఉంది. రోగి రహస్యం కాపాడడం మన ధర్మమే అయినా, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన, స్పష్టమైన ప్రమాదం ఉన్నప్పుడు వెల్లడించడానికి 2002 నియమావళి అవకాశం ఇస్తుంది. అలా చేసే ముందు ఆయనకు చెప్పండి, చెప్పినట్టు తేదీతో రాయండి, అవసరమైన ఒక్క విషయమే తెలపండి.

మీ పని సరిగా జరిగిందా అని చూసుకోవడం

కేసు షీటు తీసి, ఆయనను ఎన్నడూ చూడని ఇంకో వైద్యుడికి చూపించండి. దాన్ని మాత్రమే చదివి ఆయన మీ నిర్ణయానికే వస్తే రాత సరిపోయినట్టు. రెండు కళ్ల చూపు, 25 మీటర్ల ఫలితం, పక్కచూపు, నిలబడినప్పటి బీపీ, షుగరు, నడక సెకన్లు, పాదాల స్పర్శ, గడియారం బొమ్మ, కుటుంబం చెప్పిన మాట, ఇవి అందులో ఉండాలి. గడియారం గీసిన కాగితాన్ని పారేయకండి. ఏడాది తర్వాత దాని పక్కనే కొత్త బొమ్మ పెట్టి చూస్తే వచ్చిన మార్పు కుటుంబానికి కూడా అర్థమవుతుంది.

లైసెన్సు గడువు 5 ఏళ్లు అయినా, వైద్యపరంగా అది చాలా పెద్ద గడువు. డెబ్బై దాటినవారిని ఏడాదికొకసారి, మతిమరుపు మొదలైనవారిని ఆరు నెలలకొకసారి ఇదే వరసలో చూడండి. ఆస్పత్రిలో పడకేసి వచ్చినా, కింద పడినా, కొత్త నిద్రమాత్ర మొదలైనా, బండికి కొత్త సొట్ట పడినా గడువు దాకా ఆగకుండా రమ్మనాలి. ఆ నాలుగు సందర్భాలను చీటీ వెనక రాసి, ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకొమ్మని కోడలి చేతికో కూతురి చేతికో ఇవ్వండి.